నగరాలు లేని గ్రంథసూచి

ఉద్యోగంలో చేరిన రోజు కాలేజీవాళ్లు నా ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసుకున్నారు. పదో తరగతి మెమో నుంచి లైబ్రరీ సైన్సు పట్టా దాకా అన్నీ ఒక నీలం ఫైల్లో పెట్టి ఇచ్చాను. ఆఫీసు సూపరింటెండెంట్ ఒక్కో కాగితం తిప్పి చూసి, ప్రిన్సిపల్ గదిలో కుర్చీ వెనకున్న ఇనుప బీరువాలో పెట్టి తాళం వేశాడు. "రివాజే మేడం, అందరియి గిండ్లనే ఉంటయి, ఫికర్ చెయ్యకుండ్రి" అన్నాడు. నేను ఫికర్ చెయ్యలేదు. ఉద్యోగం దొరికిన సంతోషంలో రసీదు అడగాలని కూడా తోచలేదు.

అవి హైదరాబాదు చుట్టూ భూమి ధర పరుగెత్తుతున్న రోజులు. ఔటర్ రింగు రోడ్డు వస్తోంది, కొత్త విమానాశ్రయం వస్తోంది, ఇంకేవేవో వస్తున్నాయని అందరూ చెప్పుకునేవారు. ఇబ్రహీంపట్నం చుట్టూ గుట్టల మధ్య, ఆముదాలు, జొన్నలు పండిన చెల్కల్లో ఇంజనీరింగ్ కాలేజీలు లేచాయి. మాదీ వాటిలో ఒకటి. సాగర్ రోడ్డు మీద బస్సు దిగి మట్టిబాట పట్టి లోపలికి నడవాలి. నాలుగంతస్తుల బిల్డింగు, ముందు రెండు బోర్లు, వెనక మూడు బోర్లు, వాటిలో నీళ్లు వచ్చేది ఒకదానికే. లైబ్రరీ రెండో అంతస్తు చివర. కాలేజీ గుర్తింపు కోసం తనిఖీకి వచ్చేవాళ్లకు చూపడానికి పుస్తకాలు లెక్క ప్రకారం కొన్నారు గానీ చదవడానికి కొన్నట్టు లేదు. ఒకే పుస్తకం కాపీలు అరలకు అరలు నిండి ఉండేవి. వాటికి నంబర్లు వేయడం, దుమ్ము దులిపించడం, పరీక్షలప్పుడు పిల్లలను నిశ్శబ్దంగా ఉంచడం నా పని.

మా ప్రిన్సిపల్ కోస్తా వైపు నుంచి వచ్చిన పెద్దాయన. ప్రభుత్వ కాలేజీలో పనిచేసి రిటైరయ్యాక ఇక్కడికి వచ్చాడు. మెల్లగా మాట్లాడేవాడు, ఎవరినీ గద్దించేవాడు కాదు. ఒక రోజు నన్ను పిలిపించి కూర్చోమన్నాడు.

"చూడమ్మా, చైర్మన్ గారు పర్యావరణం మీద పెద్ద సెమినార్ పెట్టాలంటున్నారు. బయటి దేశాల వాళ్లు కూడా వస్తారట. వచ్చినవాళ్ల చేతికి ఒక పుస్తకం ఇవ్వాలి కదా. ప్రపంచ సుస్థిరత సంక్షోభం మీద ఒక అనొటేటెడ్ బిబ్లియోగ్రఫీ తయారుచేద్దామని నేనే చెప్పాను. నువ్వు చెయ్యగలవా?"

చెయ్యగలవా అని నన్ను అప్పటిదాకా ఎవరూ అడగలేదు. చేస్తానన్నాను.

ఆ పని గురించి తెలియనివాళ్లకు ఒక మాట చెప్పాలి. ఒక విషయం మీద వచ్చిన పుస్తకాలు, వ్యాసాలు, నివేదికలు అన్నీ వెతికి, వరసగా పేర్చి, ఒక్కోదాని కింద అందులో ఏముంది, ఎవరికి పనికొస్తుంది, ఎక్కడ తడబడింది అన్నది ఒక పేరాలో రాయాలి. చదివేవాళ్లకు దారి చూపించే పని. చదువుకునేటప్పుడు మా మేడం చెప్పేది, చేతిలోకి తీసుకోని పుస్తకం గురించి ఒక్క ముక్క కూడా రాయకూడదని. ఆ మాట నాకు నచ్చింది. దాన్నే నియమంగా పెట్టుకున్నాను. నన్ను ఎక్కువగా కష్టపెట్టింది కూడా ఆ నియమమే.

కంప్యూటర్ ల్యాబులో ఇంటర్నెట్ నత్తలా నడిచేది. వ్యాసం పేరు దొరికేది, సారాంశం దొరికేది, మిగతాది చదవాలంటే డబ్బు కట్టాలని ఒక పెట్టె వచ్చి అడ్డం నిలబడేది. అందుకని శనివారాలు కోఠి బస్సెక్కి నగరంలో లైబ్రరీలకు పోయేదాన్ని. పాత సంచికలు దించుకుని, జిరాక్సు తీయించుకుని, చీకటి పడకముందే సంచి నిండా కాగితాలతో తిరిగొచ్చేదాన్ని. బస్సులో నిలబడే చదివేదాన్ని. ఎల్.బి. నగర్ దాటాక కూర్చోవడానికి చోటు దొరికేది.

మొదటి నెలలు నిజంగా బాగున్నాయి. నీళ్లు, మట్టి, అడవులు, గాలి, తిండి, ఇంధనం, నగరాలు అని భాగాలు వేసుకున్నాను. అట్టముక్కల మీద పేర్లు రాసి చెప్పుల డబ్బాల్లో నిలబెట్టాను. కానీ పోనుపోను ఆ భాగాలు ఒకచోట నిలవలేదు. నీళ్ల గురించి మొదలుపెడితే మట్టి దగ్గరికి తీసుకుపోయేది. మట్టి నుంచి ఎరువులకు, ఎరువుల నుంచి చమురుకు, చమురు నుంచి గాలికి, గాలి నుంచి వానకు, వాన నుంచి మళ్లీ నీళ్లకే. ఏ పుస్తకం ఏ డబ్బాలో పెట్టాలో తెలిసేది కాదు. ఏ తలుపు తీసినా ఇంకో గదిలోకే పోతున్నాను, బయటికి మాత్రం రావడం లేదు అనిపించేది. ఇంకో సంగతి కూడా గమనించాను. పుస్తకాలను సంవత్సరాల వరసలో పెడితే, నేను పుట్టకముందు వచ్చినదాని చివరి అధ్యాయమూ, నిన్నగాక మొన్న వచ్చినదాని చివరి అధ్యాయమూ ఒకే మాట చెప్తున్నాయి. ఇంకా సమయం మించిపోలేదు, కానీ ఎక్కువ లేదు. ముప్ఫై ఏళ్లుగా అదే మాట. అది చదివిన రోజు లైబ్రరీ కిటికీ దగ్గర చాలాసేపు నిలబడ్డాను. బయట పక్క చేనులో ఇద్దరు మనుషులు పసుపు రంగు వేసిన రాళ్లు పాతుతున్నారు. నిరుడు అందులో కంది ఉండేది.

అట్లాంటి రాళ్లు పాతించే పనిలోనే ఉన్నాడు నా భర్త. అంతకుముందు ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెప్పేవాడు. మా ఇద్దరివీ యాచారం దగ్గరి ఊళ్లే, ఇద్దరివీ వాన మీద బతికిన ఇళ్లే. పెళ్లయ్యాక ఇబ్రహీంపట్నంలో ఒక ముసలి ముస్లిమావిడ ఇంటి వెనక భాగంలో అద్దెకు దిగాం. ఆవిడను చాచీ అని పిలిచేదాన్ని. పెళ్లయిన మరుసటేడు నా భర్త బడి మానేసి ప్లాట్లు అమ్మే వెంచర్‌లో చేరాడు. తెల్ల చొక్కాలు కుట్టించుకున్నాడు. ఇంటి నిండా రంగుల కాగితాలు. ఒకదాని మీద పెద్ద చెరువు, దాంట్లో పడవ, ఒడ్డున కొబ్బరిచెట్లు. 'లేక్ వ్యూ' అని రాసి ఉంది.

"ఇది ఏ చెరువు?" అని అడిగాను.

"మనదే, పట్నం చెర్వు."

"పట్నం చెర్వుల నీళ్లు నువ్వు ఎప్పుడు జూసినవ్? పశువులు మేస్తున్నయ్ గండ్ల."

"వానలు పడితె నిండదా? నీ బుక్కులల్ల ఉన్నట్టు అన్ని ఎండిపోతయా ఏంది?" అని నవ్వాడు. కొట్లాట కాదు అది. ఆ కాగితాల వల్లనే మా ఇంట్లో గ్యాసు బండ వచ్చింది, ఫ్రిజ్ వచ్చింది. పగలు నేను నగరాలు పొలాలను ఎట్లా మింగుతాయో చదివి రాసేదాన్ని. పొద్దుగూకితే పొలాలు అమ్మిన అన్నం తినేదాన్ని. ఈ రెండింటినీ కలిపి ఆలోచించడానికి భయమేసేది.

ఆ ఎండాకాలం చాచీ ఇంటి బాయి అడుగు కనబడింది. వీధిలోకి ట్యాంకరు రెండు రోజులకు ఒకసారి వచ్చేది. నేను కాలేజీలో ఉంటే చాచీ నా బిందెలు కూడా వరసలో పెట్టి, ఎవరైనా జరిపితే తిట్టిపోసేది. "ఈ బిందెలు నా బిడ్డయి. ముట్టినవో, చూడు మరి!" అని ఆవిడ అరిచే గొంతు వీధి చివర్నుంచే వినబడేది.

అప్పుడే ఉత్తరం వచ్చింది. ప్రభుత్వ కాలేజీల్లో లైబ్రేరియన్ పోస్టులకు నేను రాసిన పరీక్ష పాసయ్యాను. సర్టిఫికెట్ల పరిశీలనకు ఒరిజినల్సుతో రమ్మని ఉంది. ఆ కాగితం పట్టుకుని ప్రిన్సిపల్ గదికి దాదాపు పరుగెత్తాను.

ఆయన చదివి చాలా మంచిదమ్మా అన్నాడు. నిజంగానే సంతోషపడ్డాడు. ఆ తర్వాత కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "కానీ చైర్మన్ గారు ఇప్పుడు ఒప్పుకోరు. తనిఖీ ఉంది, లైబ్రేరియన్ లేకపోతే ఎట్లా? పైగా పుస్తకం మధ్యలో ఉంది. బిబ్లియోగ్రఫీ పూర్తిచేసి ఇవ్వు. అది చూపించి నేను అడుగుతాను."

"ఒక్క రోజుకోసం ఇయ్యండి సార్, మళ్ల తెచ్చి పెడ్త."

"ఆ తాళం నా చేతిలో లేదమ్మా."

తాళం సూపరింటెండెంట్ దగ్గర ఉండేది. సూపరింటెండెంట్ చైర్మన్ మేనల్లుడు. అతన్ని అడిగితే "సార్ చెప్పాలె మేడం" అన్నాడు. సార్‌ని అడిగితే చైర్మన్ గారు చెప్పాలి. చైర్మన్ కాలేజీకి వచ్చేది ఎప్పుడో, ఎవరికీ తెలియదు.

ఇక పుస్తకం మీద పడ్డాను. ఇంతకుముందు ఇష్టంతో చేసిన పనే ఇప్పుడు బీరువా తాళంచెవి లాగా కనబడసాగింది. ఇది ముగిస్తే బయటపడతాను. కానీ అది ముగిసేది కాదు. ఒక నివేదిక చదివితే దాని వెనక ఇంకో నలభై పేర్లు ఉండేవి. "సారాంశం చూసి రాసెయ్యమ్మా, ఎవరు చూడొచ్చారు?" అన్నాడు ప్రిన్సిపల్. రాద్దామని ఒకసారి కూర్చున్నాను కూడా. రెండు వాక్యాలు రాసి కొట్టేశాను. చదవనిదాని గురించి మంచి చెడ్డ చెప్పడానికి నా చెయ్యి రాలేదు. అది మంచితనమని చెప్పను. మొండితనం కూడా కావచ్చు. ఆ కాలేజీలో నాది అని చెప్పుకోవడానికి ఇంకేమీ లేదు కదా.

చివరకు ఒక వరసలో పెట్టి, టైపు చేయించి, కట్ట కట్టి ఆయన బల్ల మీద పెట్టాను. నాలుగు రోజులకు పిలిపించాడు. కట్టలోంచి ఒక భాగం విడిగా తీసి పెట్టి ఉంది. నగరాల భాగం.

"ఇది వద్దన్నారమ్మా చైర్మన్ గారు."

"ఎందుకు సార్?"

ఆయన కిటికీలోంచి బయటికి చూశాడు. పసుపు రాళ్ల మధ్య ఇప్పుడు ఒక కమాను లేచింది, దాని మీద ఆ ప్లాట్లు వేసిన చైర్మన్ కొడుకు బొమ్మ. "ఊళ్లు పెరగడం, పొలాలు పోవడం, చెరువుల్లో ఇళ్లు కట్టడం... వచ్చేవాళ్లు చదివి అడుగుతారని. మిగతావన్నీ ఉన్నాయి కదా. అమెజాన్ అడవులు ఉన్నాయి, ధ్రువాల మంచు ఉంది."

"నగరాలు తీసేస్తే మిగతాది ఎట్ల నిలబడ్తది సార్? నీళ్ల భాగంల సగం దాని మీదికే పోతది. 'నగరాల భాగం చూడండి' అని రాసిన నేను ఎన్నో చోట్ల."

"ఆ మాటలు కూడా తీసెయ్యి" అన్నాడు మెల్లగా.

తీసేశాను. నగరాల భాగం చూడండి అని రాసిన చోటల్లా వెతికి వెతికి కొట్టేశాను. అదొక వింత పని. చదివినప్పుడు పడ్డ కష్టం కంటే కొట్టేసినప్పుడు పడ్డ కష్టం ఎక్కువ. ఇంటికి వచ్చి నా భర్తకు చెప్పాను. "మంచిగనే అయింది పో. మా వెంచర్ పేరు గిట్ల వచ్చేదేమొ" అన్నాడు. తర్వాత నా ముఖం చూసి, లేచి టీ పెట్టుకొచ్చాడు.

పరిశీలన రోజు వచ్చింది. జిరాక్సులు పట్టుకుని పోయాను. బల్ల వెనక కూర్చున్నావిడ ఒక్కో కాగితం చూసి, "ఒరిజినల్స్ యేవమ్మా?" అంది. కాలేజీలో ఉన్నాయని చెప్పాను. "ఇట్లాంటివి రోజుకు పది వింటున్నా. గడువు ఇస్తున్నా, తెచ్చుకో. తేకపోతే తర్వాతి పేరుకు పోతుంది" అంది. ఆ మాటలో కోపమూ లేదు, జాలీ లేదు.

గడువు చివరికి వస్తుంటే నా భర్త ఒక దారి చెప్పాడు. అతనికి వెంచర్‌లో ఎవరో చెప్పారట. సర్టిఫికెట్లు పోయాయని పోలీసు స్టేషన్లో రాసిస్తే ఒక కాగితం ఇస్తారు. అది చూపిస్తే యూనివర్సిటీ డూప్లికేట్లు ఇస్తుంది. "అందరు గట్లనే చేస్తున్నరు, నువ్వొక్కదానివే కాదు" అన్నాడు. ఇద్దరం పోయాం.

స్టేషన్లో ఒక పెద్ద వయసు కానిస్టేబుల్ కూర్చున్నాడు. మేం నోరు తెరవకముందే తెల్ల కాగితం, పెన్ను ముందుకు జరిపాడు.

"సర్టిఫికెట్లేనా? ఏ కాలేజి?"

చెప్పాను. తలూపాడు.

"రాయమ్మా. ఇబ్రహీంపట్నం నుంచి దిల్‌సుఖ్‌నగర్ పోయేటప్పుడు బస్సుల పోయినయని రాయి."

"బస్సుల పోలేదు సార్. కాలేజీ బీర్వల ఉన్నయి."

"నాకు తెల్వదా? ఈ యాడాది గా బస్సుల ఎంతమంది సార్ల సర్టిఫికెట్లు పోయినయో చూస్తవా?" అని పక్కనున్న కట్ట మీద చెయ్యి వేసి నవ్వాడు. "డ్రైవర్ పాపం, దొంగల బస్సు నడుపుతున్నడనుకుంటరు సదివినోళ్లు."

నా భర్త కూడా నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. "కాలేజీవాళ్లు ఇస్తలేరని రాసిస్త సార్. అది తీస్కుంటరా?"

కానిస్టేబుల్ నవ్వడం ఆపాడు. గొంతు తగ్గించి, "బిడ్డా, గది రాస్తె నేను పైకి పంపాలె. పైనోళ్లు మీ చైర్మన్‌కు ఫోన్ చేస్తరు. రేపు పొద్దుగాల నీ నౌకరి ఉండదు, కాగితాలు కూడ ఉండయి. బస్సుల పోయినయని రాయి. ఎవ్వలకు నష్టం లేదు" అన్నాడు. మంచికే చెప్పాడు.

పెన్ను చేతిలోకి తీసుకున్నాను. నా పేరు రాశాను, ఊరు రాశాను. ఆ తర్వాత చెయ్యి ఆగిపోయింది. నా చదువు పోయింది అని నా చేత్తో నేనే రాయాలి. పోలేదు కదా, రోజూ నేను దాని ముందు నిలబడి గుడ్ మార్నింగ్ చెప్తున్నాను. పైగా తర్వాత ఎప్పుడైనా ఆ బీరువాలోంచి అవి తీసి చూపిస్తే అబద్ధం నాదే అవుతుంది, వాళ్లది కాదు. కాగితం మడిచి సంచిలో పెట్టుకుని లేచాను. నా భర్త బయటికి వచ్చి బండెక్కాడు. "నీతోని ఎట్లనే?" అన్నాడు. అంతే అన్నాడు.

మరుసటి రోజు పొద్దున ప్రిన్సిపల్ రాకముందే ఆయన గది ముందు నిలబడ్డాను. ఆయన తాళం తీసి లోపలికి రాగానే, కూర్చోకుండానే చెప్పాను. "సార్, మీరు చెప్పిన పుస్తకం అయిపోయింది. నగరాలు తీసేయమన్నరు, తీసేసిన. రేపు గడువు అయిపోతది. నా కాగితాలు నాకు ఇయ్యండి. మీరు పెద్దోళ్లు. మీరు గట్టిగ చెప్తె ఇయ్యరా?"

ఆయన వెనక్కి తిరిగి బీరువా తలుపు మీద చెయ్యి ఆనించాడు.

"నావీ ఇందులోనే ఉన్నాయమ్మా. నా డాక్టరేట్ పట్టా కూడా. నిరుడు మా ఊరి దగ్గర కాలేజీకి రమ్మన్నారు. మా ఆవిడకు ఒంట్లో బాగుండదు, ఇక్కడి నీళ్లు పడవు. అడిగాను. వచ్చే సంవత్సరం చూద్దాం అన్నారు చైర్మన్ గారు." ఆగాడు. "నీకు చెప్పినట్టే చెప్పారు. మర్యాదగానే."

నేను ఆ గదిలోకి కోపంతో వచ్చాను. ఆ కోపం ఎక్కడ పెట్టాలో తెలియలేదు. ఆయన కుర్చీ, దాని వెనక బీరువా, ఆ మధ్యలో రోజంతా వీపు ఆనించి కూర్చునే మనిషి. నేను ఇన్నాళ్లూ ఆయన్ని కాపలా మనిషి అనుకున్నాను. గంట మోగింది. నేను లైబ్రరీకి పోయాను.

గడువు దాటిపోయింది. ఆ పోస్టు తర్వాతి పేరుకు పోయింది.

ఆ సాయంత్రం చాచీ నీళ్ల దగ్గర అడిగింది. "కాగితాలు ఇయ్యకుంటె గాడ ఎందుకు ఉన్నవ్ బిడ్డా? ఇడిసిపెట్టి రాకపోయినవ్?"

"కాగితాలు లేకుంటె ఇంకెక్కడ నౌకరి ఇస్తరు చాచీ?"

"నాకైతె ఏ కాగితం లేదు. నేను యాడికి పోయిన? ఈ ఇంట్లకు వచ్చినప్పటి సంది ఈ వాకిలి దాటి ఎటు పోలే." అని బిందె నా వైపు జరిపింది. ఓదార్పుగా అన్నదో, తన సంగతే చెప్పుకున్నదో నాకు అర్థం కాలేదు.

సెమినార్ జరిగింది. బయటి దేశాల వాళ్లు రాలేదు గానీ బయటి రాష్ట్రాల వాళ్లు వచ్చారు. వేదిక మీద బంతిపూల తోరణాలు, బల్లల మీద ప్లాస్టిక్ సీసాల్లో నీళ్లు. చైర్మన్ పట్టు లాల్చీలో వచ్చి, భూమాతను కాపాడుకోవాలని పావుగంట మాట్లాడాడు. నా పుస్తకం అందరి చేతుల్లో ఉంది. అట్ట మీద ప్రధాన సంపాదకుడు చైర్మన్, సంపాదకుడు ప్రిన్సిపల్. లోపల మొదటి పేజీ కింద 'సహకారం: గ్రంథాలయ సిబ్బంది' అని ఉంది. గ్రంథాలయ సిబ్బంది నేనొక్కదాన్నే. ఒకాయన నా ముందు వరసలో కూర్చుని నీళ్ల భాగం నిజంగానే చదువుతుంటే అతని భుజం మీదుగా నేనూ చదివాను. ఒక చోట నాకు బాగా నచ్చి రాసిన వ్యాఖ్యానం ఉంది. ఆయన దాని పక్కన పెన్సిల్‌తో గీత గీశాడు. అంత దుఃఖంలోనూ గర్వంగా ఉంది.

తనిఖీ దసరా సెలవుల తర్వాత వచ్చింది. తనిఖీ కమిటీ ఒరిజినల్ సర్టిఫికెట్లు చూడాలి. అందుకని ఆ రోజు పొద్దున బీరువా తెరిచారు. సూపరింటెండెంట్ పేరు పిలిచి ఎవరి ఫైలు వాళ్లకు ఇచ్చాడు. సెమినార్ హాల్లో అందరం కూర్చున్నాం. కమిటీలో ఒకాయన ఒక్కొక్కరి దగ్గరికి వచ్చి, ఫైలు తెరిచి, ఫోటో చూసి, ముఖం చూసి, తలూపి పోతాడు. అయిపోయిన వాళ్లు తలుపు దగ్గర ఫైలు తిరిగి ఇచ్చి సంతకం పెట్టాలి. కమిటీ వచ్చినప్పుడల్లా ఇదే తంతు అని పక్కన కూర్చున్న మ్యాథ్స్ సార్ చెప్పాడు; నేను చేరాక కమిటీ రావడం ఇదే మొదటిసారి. "మన చదువు మనం చూసుకునేది ఈ ఒక్క దినమే మేడం" అన్నాడు.

నా ఫైలు నా ఒళ్లో ఉంది. నీలం రంగు వెలిసిపోయింది. తెరిచి చూశాను. పదో తరగతి మెమో మీద రెండు జడల పిల్ల. నేను ఏదీ ముందు అనుకుని రాలేదు.

కమిటీ ఆయన వచ్చి చూసి, "లైబ్రేరియనా? మీ లైబ్రరీ కూడా చూడాలి. పోయి తెరిచి పెట్టండి" అన్నాడు. ఆయన మామూలుగా అన్నాడు. నేను లేచాను. తలుపు దగ్గర సూపరింటెండెంట్ చెయ్యి చాచాడు.

"ఫైలు మేడం."

"లైబ్రరీ చూస్తరంట. గాడ కూడ అడుగుతరేమొ. చూపించినంక ఇస్త" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది.

అతను ప్రిన్సిపల్ వైపు చూశాడు. ప్రిన్సిపల్ కమిటీవాళ్లకు టీ అందించే నెపంతో నాలుగడుగుల దూరంలో నిలబడి ఉన్నాడు. ఆయన నన్ను చూశాడు, నా చేతిలో ఫైలు చూశాడు. "పోనివ్వు, తర్వాత తీసుకుందాం" అన్నాడు సూపరింటెండెంట్‌తో. అని నా వైపు మళ్లీ చూడకుండా కప్పులు సర్దుకున్నాడు.

లైబ్రరీ తెరిచాను. కమిటీవాళ్లు వచ్చారు, అరలు చూశారు, పోయారు. వాళ్లు పోయాక సంచిలో ఫైలు పెట్టుకున్నాను. తాళంచెవి బల్ల మీద పెట్టాను. మెట్లు దిగి, గేటు దాటి, మట్టిబాట మీద నడిచాను. పరుగెత్తాలనిపించింది. పరుగెత్తితే ఎవరైనా చూస్తారని మామూలుగా నడిచాను. వెనకనుంచి ఎవరో పిలుస్తున్నారని రెండుసార్లు అనిపించింది. ఎవరూ లేరు. సాగర్ రోడ్డు మీద ముందుగా వచ్చిన ఆటో ఎక్కాను. అది ఎటు పోతోందని కూడా అడగలేదు. యాచారం వైపు పోతున్న ఆటో అది. కొంత దూరం పోయాక దిగి, మళ్లీ వెనక్కి వచ్చే బస్సు కోసం ఎండలో నిలబడ్డాను.

తప్పించుకున్నానని అనిపించాలి కదా. అనిపించలేదు. ఎన్నో వారాలు ఫోన్ మోగితే ఉలిక్కిపడేదాన్ని. వాకిట్లో మోటార్ సైకిల్ ఆగితే చాచీనే ముందు పోయి చూడమనేదాన్ని. సూపరింటెండెంట్ రెండుసార్లు ఫోన్ చేసి కేసు పెడతామన్నాడు. నా భర్త ఫోన్ తీసుకుని, "మా ఆమె సర్టిఫికెట్లు మా ఆమె దగ్గర ఉంటె ఏం కేసయ్యా?" అని అడిగాడు. అట్లా అతను గట్టిగా మాట్లాడటం నేను చూసింది అదే మొదటిసారి. ఆ తర్వాత ఫోన్లు రాలేదు.

మరుసటి ఏడాది నాటికి ప్లాట్లు కొనేవాళ్లు తగ్గిపోయారు. లేక్ వ్యూ రాళ్ల మధ్య తుమ్మ మొలిచింది. నా భర్త తెల్ల చొక్కాలతోనే మళ్లీ బడికి లెక్కలు చెప్పడానికి పోయాడు. నేను ఏడాదిన్నర ఇంట్లో ఉన్నాను. ఎక్కడికి అప్లికేషన్ పెట్టినా పాత కాలేజీ నుంచి అనుభవ పత్రం తెమ్మనేవారు. ఫైలు చేతికి వచ్చింది గానీ ఆ మూడేళ్లు వాళ్ల దగ్గరే ఉండిపోయాయి. చివరకు అబ్దుల్లాపూర్‌మెట్ దగ్గర ఒక బడిలో లైబ్రరీ చూసుకునే పని దొరికింది. ఇంటర్వ్యూలో ఒరిజినల్స్ చూపించాను. చూసి తిరిగి ఇచ్చారు. అవి నా చేతికి వచ్చేదాకా నేను కుర్చీలోంచి లేవలేదు.

మా ప్రిన్సిపల్ ఆ తర్వాత రెండేళ్లు అక్కడే ఉన్నాడని తెలిసింది. నేను ఫోన్ చేద్దామని చాలాసార్లు అనుకున్నాను. నేను పోయిన రోజు ఆయనను ఏమన్నారో, ఆయన ఏం చెప్పుకున్నాడో అడగాలని ఉండేది. చేయలేదు. అడిగితే ఆయన మర్యాదగా ఏమీ కాలేదని చెప్తాడని నాకు తెలుసు.

ఆ పుస్తకం కాపీ ఒకటి నా దగ్గర ఉంది. ఒకసారి తీరిక దొరికినప్పుడు, తీసేసిన నగరాల భాగాన్ని మళ్లీ రాద్దామని కూర్చున్నాను. అట్టముక్కలు పోయాయి, జిరాక్సులు చెదలు తిన్నాయి. చదివినవి గుర్తున్నాయి గానీ ఎవరు రాశారో, ఏ సంచికలో వచ్చాయో సగం గుర్తు రాలేదు. గుర్తున్నంత వరకు రాశాను. మిగతావాటికి మళ్లీ కోఠి బస్సెక్కాలి. ఈసారి బస్సు మా వీధి చివర నుంచే ఎక్కవచ్చు, నగరం అక్కడిదాకా పెరిగింది.